జానెడు మెరక

ఏలూరులో మా వీధిలో బాస్కెట్‌బాల్ సంగతి తెలిసినవాళ్లని లెక్కపెట్టడానికి ఒక చెయ్యి ఎక్కువ. అయినా సెమీఫైనల్ రూబీ వల్లే ఓడిపోయామని మాత్రం అందరికీ తెలుసు. పాలు పోసే ఆయనకి తెలుసు. మా నాన్న పరుపుల కొట్టుకి ఎదురుగా జెరాక్స్ మిషన్ పెట్టుకున్నాయనకి తెలుసు. "ఆ చివరి రెండూ వేసుంటే గెలిచేవారంట కదా పర్వీన్, అడ్డం కూడా ఎవరూ రారంట కదా" అని ఆయన నన్నే అడిగాడు. అడ్డం ఎవరూ రారండీ, మీరొచ్చి వేసి చూపించండి అన్నాను. కొట్టులోంచి మా నాన్న "నోరు" అన్నాడు. మా ఇంట్లో నా పేరు కన్నా ఆ మాటే ఎక్కువసార్లు వినిపిస్తుంది.

ఫ్రీత్రో అంటే ఏమిటో ఆ రోజుల్లో నేను చాలామందికి చెప్పాల్సి వచ్చింది. అవతలివాళ్లు ఫౌల్ చేస్తే మనకిస్తారు. గీత వెనక నిలబడి, రింగుకేసి చూసుకుని, తాపీగా వేసుకోవడమే. ఎవరూ మీద పడరు, చెయ్యి అడ్డం పెట్టరు. పడితే ఒక పాయింటు. చూసేవాళ్లకి అది ఊరికే చేతిలో పెట్టిన పాయింటులాగే ఉంటుంది. అందుకే పరిగెత్తుతూ వేసిన బంతి పోతే "అయ్యో" అంటారు, ఫ్రీత్రో పోతే "ఛీ" అంటారు.

మేం ఓడింది ఒక్క పాయింటుతో. ఆ సాయంత్రం మా జట్టు మొత్తం పోగొట్టిన ఫ్రీత్రోలు పదకొండు. అందులో రూబీవి ఏడు, మిగిలినవి మావి. మొదటి క్వార్టర్‌లో మా కెప్టెన్ ఖుష్బూ వరసగా రెండు పోగొడితే గ్యాలరీలో ఒక్కరూ తల తిప్పలేదు. నేను ఒకటి పోగొట్టాను, అప్పుడు ఎవరో ఐస్‌క్రీం అమ్మేవాణ్ణి పిలుస్తున్నారు. ఆ మూడూ పడి ఉంటే చివరి నిమిషంలో రూబీ గీత దగ్గరకి వెళ్లే అవసరమే ఉండేది కాదు. మా నాయనమ్మ తివాచీలు నేసేది. కింది వరసలో ముడి తప్పినా పై వరసలో తప్పినా పువ్వు ఒకేలా వంకరపోతుంది, కొనేవాడు మాత్రం పైదే చూస్తాడు అనేది. ఈ మాట నేను ఎవరికి చెప్పినా వింటారు, విని మళ్లీ "కానీ ఆ చివరి రెండూ..." అంటారు.

రూబీ వాళ్లది గణపవరం దాటి లోపలికి వెళ్తే చేపల చెరువుల మధ్య ఉన్న ఊరు. వాళ్ల నాన్న కృపావరం గారు చెరువుల మీద పని చేస్తారు. మేత వెయ్యడం, గట్లు చూసుకోవడం, యజమాని రమ్మన్నప్పుడు ట్రాక్టరు తోలడం. అమ్మ హన్నమ్మ గారు రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి వెళ్తారు. ఆ ఊళ్లో ఎప్పుడో మూతపడ్డ మిషన్ స్కూలు ఆవరణలో, చర్చి పక్కన, ఒకే ఒక్క బాస్కెట్‌బాల్ స్తంభం మిగిలింది. దానికెదురుగా ఉండే రెండోది గాలివానకి పడిపోయిందట. ఆ ఒక్క రింగు మీదే రూబీ ఆట నేర్చుకుంది. పోయిన క్రిస్మస్‌కి నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ స్తంభం మొదట్లో ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఇద్దరం కేకు తిన్నాం. బూట్ల లేసులు అక్కడే కట్టుకున్నాం.

జిల్లాలు విడిపోయినా మా ఆటకి ఇంకా పాత పశ్చిమగోదావరే లెక్క. జనవరిలో తాడేపల్లిగూడెంలో జట్టు సెలక్షన్లు జరిగితే రూబీ గీత దగ్గర నిలబడి వేసినవన్నీ పడ్డాయి. ఒక్కటి కూడా రింగుకి తగల్లేదు, నేరుగా నెట్‌లోకే. మా కోచ్ శ్యామ్ సుందర్ గారు నవ్వడం చాలా అరుదు. ఆయన నవ్వి, "ఈ అమ్మాయి గీత దగ్గర ఉంటే నేను టీ తాగి రావచ్చు" అన్నారు.

ఆ మాట ఆయన విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీ కోచ్‌కి కూడా చెప్పారు. ఆ కాలేజీవాళ్లు ఏటా మా టోర్నమెంటు చూసి ఒక అమ్మాయిని తీసుకుంటారు. చదువు, హాస్టలు, భోజనం అన్నీ కాలేజీయే చూసుకుంటుంది. రూబీకి ఇంటర్ అయిపోయింది. ఆ సీటు వస్తే విజయవాడ, రాకపోతే పొద్దున్నే ఊళ్లోకి వచ్చే రొయ్యల కంపెనీ బస్సు. మూడో దారి లేదు. హన్నమ్మ గారి వేళ్లు ఐసు నీళ్లలో నాని నాని కొనలు తెల్లగా చిట్లిపోయి ఉంటాయి. క్రిస్మస్ నాడు ఆవిడ నాకు కేకు అందిస్తుంటే నేను ఆ వేళ్లు చూడకుండా ఉండలేకపోయాను. నేను చూడటం రూబీ చూసింది. తర్వాత దిమ్మ మీద కూర్చున్నప్పుడు, "ఆ బస్సు మాత్రం ఎక్కనే నేను" అంది.

మే నెలలో తాడేపల్లిగూడెంలో మాకు క్యాంపు పెట్టారు. అక్కడ మొదలైంది. పరిగెత్తుతూ వేసేవి, బోర్డుకి కొట్టి వేసేవి అన్నీ పడుతున్నాయి గానీ, గీత దగ్గర నిలబడితే మాత్రం రూబీ బంతి వెళ్లి రింగు ముందు అంచుకి కొట్టుకుని వెనక్కి వస్తోంది. ప్రతిసారీ అదే అంచు. ఎండకి నీరసం అన్నారు సార్. తర్వాత భయం అన్నారు. చివరికి, "ఇక్కడ అందరి ముందూ వేసి బెదిరిపోతున్నావమ్మా. ఇంటికెళ్లిపో. నీ రింగు మీద నీకు చేతనైనన్ని వెయ్యి. చెయ్యి దానంతటదే తిరిగొస్తుంది" అని పంపేశారు. క్యాంపులో మిగిలిన మేం సాయంత్రాలు పందెం వేసుకుని ఎగిరి నెట్ అందుకునే ఆట ఆడుకునేవాళ్లం. ఖుష్బూ పొడుగు కాబట్టి దానికి అందేది. నాకు ఎంత ఎగిరినా వేళ్లకీ నెట్‌కీ మధ్య నాలుగంగుళాలు మిగిలేది.

రూబీ ఇంటి నుంచి ఫోన్ చేసేది. "అన్నీ పడుతున్నాయే, పొద్దున్న వరసగా వేసినవన్నీ పడ్డాయి" అనేది. ఎంత సంతోషంగా చెప్పేదో. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, సాయంత్రం నాన్న వచ్చాక ఆయన బంతి అందిస్తూ ఉంటే, చీకటి పడేదాకా వేసేదట. ఏడిపించడానికి, నీ చెయ్యి అరిగిపోతుందే అన్నాను. అరగనీ అంది.

టోర్నమెంటు జూన్ ఆఖర్న మా ఏలూరులోనే పెట్టారు. సెమీస్‌లో గుంటూరు వచ్చింది. కృపావరం గారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నారు. రెండు వరసల వెనక విజయవాడ కోచ్, మెడలో ఐడీ కార్డు వేసుకుని, చేతులు కట్టుకుని ఉన్నాడు. మొదటి ఫ్రీత్రోకి రూబీ గీత దగ్గర నిలబడి బంతిని రెండుసార్లు నేలకి కొట్టి వదిలింది. రింగు ముందు అంచు. రెండోది కూడా అదే. కాసేపటికి మళ్లీ ఇంకొకటి. మా సార్ మొహం చూడలేకపోయాను. అలాగని రూబీ ఆట మానుకుందా అంటే లేదు. పరిగెత్తింది, బంతులు లాక్కుంది, మా స్కోరులో సగం తనే వేసింది. అది పరిగెత్తుతోంది కాబట్టే అవతలివాళ్లు ఫౌల్ చేస్తున్నారు. ఫౌల్ చేస్తే నష్టం లేదని వాళ్లకి మూడోసారికే అర్థమైపోయింది.

హాఫ్ టైంలో అందరం సార్ చుట్టూ నిలబడితే రూబీ రాలేదు. కోర్టు చివర స్తంభం దగ్గరికి వెళ్లి, దాని సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. అరచేత్తో ఆ దిమ్మని నిమురుతోంది. ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకుని నేను పిలవలేదు. తిరిగి వచ్చినప్పుడు దాని మొహం వేరేగా ఉంది. నీళ్లు తాగవే అన్నాను. నా మాట దానికి వినపడలేదు.

చివర్లో ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. గడియారంలో ఇక ఊపిరి తీసుకునేంత టైమే ఉంది. రూబీ రింగు కిందికి దూసుకెళితే ఇద్దరు మీద పడ్డారు. రెండు ఫ్రీత్రోలు. రెండూ పడితే గెలుపు, ఒకటి పడితే ఆట ఇంకా నడుస్తుంది. కృపావరం గారు లేచి నిలబడి కళ్లు మూసుకున్నారు. రూబీ మొదటిది వేసింది. ముందు అంచుకి తగిలి వెనక్కి వచ్చింది. రెండోది వెయ్యడానికి చాలాసేపు రింగుకేసి చూస్తూ ఉండిపోయింది. ఎప్పుడూ అలా చూడదు అది. వదిలింది. ఈసారి బంతి రింగుని దాటిపోయి, బోర్డుకి గట్టిగా కొట్టుకుని, గుంటూరు అమ్మాయి చేతుల్లో పడింది. సైరన్ మోగింది.

ఆ తర్వాత జరిగినదే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది. విజయవాడ కోచ్ దిగి వచ్చి మా సార్‌తో మాట్లాడాడు. రూబీ అక్కడే, ఆయన బూట్లకి బారెడు దూరంలో నేల మీద కూర్చుని లేసులు విప్పుకుంటోంది. "ఆట ఉందండీ, కాదనను. కానీ గుండె ఉండాలి కదండీ. నలుగురి ముందూ చెయ్యి వణికే పిల్లని తీసుకెళ్లి నేనేం చేసుకుంటాను చెప్పండి" అన్నాడు. మా సార్ తల ఊపారు. సీటు గుంటూరు జట్టులో ఒక అమ్మాయికి వెళ్లింది. కృపావరం గారు మెట్లు దిగి వచ్చి కూతురి తల మీద చెయ్యి వేసి, "పోన్లేమ్మా, పోన్లే" అన్నారు. బస్ స్టాండుకి నడుస్తుంటే రూబీ చేతిలో సంచీ తను తీసుకున్నారు.

తర్వాత రూబీ ఫోన్ ఎత్తలేదు. సార్‌ని అడిగితే, "కొన్నాళ్లు వదిలెయ్యి పర్వీన్, ధైర్యం ఒకరు పోస్తే వచ్చేది కాదు" అన్నారు. నేను వదిలేసే రకం కాదు. జూలైలో ఒక ఆదివారం తాడేపల్లిగూడెం బస్సెక్కి, నారాయణపురంలో దిగి, గణపవరం ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. దారి పొడవునా రెండు వైపులా చెరువులే. వానలు మొదలయ్యాయి, గట్లు జారుడుగా ఉన్నాయి. ఆటో అతను వాళ్ల వీధి మొదట్లోనే దింపేశాడు.

ఇంట్లో హన్నమ్మ గారు ఒక్కరే ఉన్నారు. "రామ్మా పర్వీనూ, ఇంత దూరం ఒక్కదానివే వచ్చావా" అని కూర్చోబెట్టారు. రూబీ గణపవరం వెళ్లిందట, ఆధార్ జెరాక్స్ తీయించుకోవడానికి. ఎందుకండీ అన్నాను. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లి చేపల పులుసు గిన్నె మీద మూత సర్దుతూ చెప్పారు. "కంపెనీవాళ్లు అడిగారమ్మా. రేపట్నుంచి నాతోపాటే బస్సులో వచ్చేస్తది. నేను వద్దన్నానమ్మా, ఇంకో ఏడాది చూద్దామన్నా. వాళ్ల నాన్నకైతే ఇంకా ఆశే. వచ్చే ఏడాది మళ్లీ ఆడతదని చెప్పుకుంటన్నారు. వయసు దాటిపోతది కదండీ అంటే వినిపించుకోరు." మా జట్టు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లది. వచ్చే ఏడాది అనేది లేదు.

రూబీ వచ్చేదాకా కూర్చోలేక బంతి తీసుకుని చర్చి ఆవరణలోకి వెళ్లాను. ఊరంతా చిత్తడిగా ఉన్నా ఆ కోర్టు మాత్రం చాలావరకు పొడిగానే ఉంది, ఒకటి రెండు చోట్ల నీళ్లు నిలిచాయి అంతే. సున్నంతో గీసిన గీత తడికి సగం చెరిగింది. బంతి కొడుతూ రింగు కిందికి వెళ్లి, క్యాంపు అలవాటు కొద్దీ ఎగిరి చెయ్యి చాచాను. నెట్ నా వేళ్లకి చుట్టుకుంది. అనుకోలేదు కాబట్టి తూలి పడబోయాను. మళ్లీ ఎగిరాను. మళ్లీ అందింది, ఈసారి గుప్పిట్లోకి. ఒక్క క్షణం, సిగ్గులేకుండా, సంతోషపడ్డాను కూడా. పొడుగు పెరిగానేమో అనుకున్నాను.

బూటు లేసు వదులైతే కట్టుకుందామని దిమ్మ మీద కూర్చోబోయాను. దిమ్మ లేదు. స్తంభం నేరుగా నేలలోంచి మొలిచినట్టుంది. చుట్టూ ఒకసారి తిరిగాను. మేం కేకు తిన్న దిమ్మ ఏమైందా అని కాలితో తడుముతూ, తలెత్తి రింగుకేసి చూశాను.

"ఎలా ఉందమ్మా కోర్టు" అన్నారు వెనక నుంచి కృపావరం గారు. ఆయన మోకాళ్ల దాకా మట్టిగా ఉన్నారు. నన్ను చూసి ఎంతో సంతోషించారు. "నిరుడు కొల్లేరు ఎక్కినప్పుడు ఇక్కడ మోకాలి లోతు నీళ్లమ్మా. తీశాక బురద. పాపకి ఎన్నాళ్లో బంతి ఆడటానికే లేకపోయింది. గోడ మీద కూర్చుని రింగుకేసి చూసేది, నా ప్రాణం ఉసూరుమనేది. అందుకే వేసవిలో చెరువు ఎండగట్టినప్పుడు యజమాని గారిని అడిగాను. మట్టి తీసుకోవయ్యా అన్నారు. ట్రాక్టరు నేనే తోలాను. ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘంలోవాళ్లందరూ తలో చెయ్యీ వేశారు. జానెడు పైనే మెరక చేశాం. తడిపి తొక్కింది మటుకు నేనే, రోజూ సాయంత్రం. ఇక్కడ ఇళ్లకి, పశువుల కొట్టాలకి అందరం మెరక చేసుకుంటాం గదమ్మా. పిల్ల ఆడుకునే చోటుకి చేసుకోపోతే ఎలా?"

ఆయన మడమతో నేలని కొట్టి చూపించారు. సిమెంటులా ఉంది. జానెడు. నేల జానెడు లేచింది, స్తంభం ఉన్నచోటే ఉంది. రింగు జానెడు కిందికి వచ్చింది. ఆ రింగు మీద రూబీ పొద్దున్నా సాయంత్రం చీకటి పడేదాకా వేసింది. ఎంత ఎక్కువ వేస్తే దాని చెయ్యి అంత కిందికి అలవాటు పడింది. సార్ ఇంటికెళ్లి ఇంకా వెయ్యమన్నారు. ఇంకా వేసింది.

నా నోట్లోకి మాట వచ్చేసింది. "బాబాయ్ గారూ, ఆ రింగు..." అన్నాను.

"రింగుకేమైందమ్మా?"

"తుప్పు పట్టింది" అంది రూబీ. గేటు దగ్గర నిలబడి ఉంది, చేతిలో జెరాక్స్ కాగితాలున్న కవరు. "రంగు వేయించాలి నాన్నా." నాకేసి చూసిన చూపులోనే నోరు మూసుకోమని ఉంది. వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అలా గట్టు మీదికి వెళ్లొస్తాం" అని బయటికి లాక్కుపోయింది.

గట్టు మీద కొంతదూరం వెళ్లాక చెయ్యి విడిపించుకున్నాను. "నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"హాఫ్ టైం నుంచి" అంది. "మూడూ ఒకే అంచుకి తగిలాయి కదా. భయపడితే ఒకటి అటు పోద్ది, ఒకటి ఇటు పోద్ది. అన్నీ ఒకేచోట తగిలితే అది భయం ఎలా అవుద్దే అనుకున్నా. అటు చూస్తే ఆ స్తంభం కింద దిమ్మ కనపడింది. మా దిమ్మ ఏదీ అనుకున్నా. అంతే." చెరువులోకి చూస్తూ మాట్లాడుతోంది. "మట్టి పోసిన కొత్తలో నా బంతులన్నీ రింగు దాటిపోయేవి. పరీక్షల వల్ల ఆట మాని చెయ్యి అదుపు తప్పిందనుకున్నా. సర్దుకున్నా. నేనే సర్దుకున్నానే, ఎవరూ చెప్పకుండా."

"తెలిసినప్పుడు మరి ఎత్తు వెయ్యొచ్చు కదే."

"వేశాగా" అంది. "చివరిది ఎత్తు వేశా. నువ్వు చూడలేదా? ఎంత ఎత్తెయ్యాలో చెయ్యికి ఎలా తెలుస్తది? ఆలోచించి వేసింది ఒక్కటి కూడా పడదే. అసలు హాఫ్ టైంలో ఆ దిమ్మ వైపు చూడకుండా ఉంటే ఒకటో రెండో వాటంతటవే పడేవేమో."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. సార్‌కి చెబుదాం, ఆయన విజయవాడాయనకి చెబుతారు, టేపు పెట్టి కొలిపిద్దాం, ఫోటోలు తీసి పంపిద్దాం అన్నాను. నీ గుండెకి ఏమీ కాలేదు, నీ చెయ్యికీ ఏమీ కాలేదు, ఊళ్లవాళ్లందరూ నిన్ను పిరికిదంటుంటే నేను విని ఊరుకోవాలా అన్నాను. నా గొంతు పెద్దదైపోయింది.

"సీటు అయిపోయిందే. ఆ అమ్మాయి చేరిపోయింది కూడా, ఫోటో పెట్టింది" అంది రూబీ మెల్లగా. "ఇంకెవరికి చెప్తావు? చెబితే మా నాన్నకి తెలుస్తది. అంతేగా."

"తెలియనీ."

"ఆ మట్టి ఆయన ఒక్కడే తొక్కాడే. పనిలోంచి వచ్చి అన్నం కూడా తినకుండా తొక్కేవాడు. నేను నీళ్లు చల్లేదాన్ని." గట్టు మీది మట్టిపెళ్లని కాలితో చెరువులోకి నెట్టింది. "నేను భయపడి పోగొట్టాననుకుంటున్నాడు కాబట్టి నన్ను ఓదారుస్తన్నాడు. ఇది తెలిస్తే ఆయన్నెవరు ఓదారుస్తారు? నా వల్ల అవుద్దా?"

ఏడుపు వచ్చింది నాకు. అది ఏడవలేదు. రేపు తెల్లవారి బస్సు ఎక్కాల్సింది అదీ, ఏడ్చింది నేనూ. ఐసు నీళ్లలో చేతులు పెట్టి పెట్టి అదీ వాళ్లమ్మలాగే అయిపోతుందని, ఆ తర్వాత ఆ వేళ్లతో బంతి పట్టుకోవడం కూడా కష్టమేనని, అది నాకన్నా ముందే ఆలోచించేసుకుని ఉంటుందని నాకు తెలుసు. "నలుగురూ పిరికిదంటే ఏం పోద్దిలే" అంది నా చున్నీ కొసతో నా మొహమే తుడుస్తూ. "అనుకోనీ. నువ్వు అనుకోకు, చాలు."

వెనక ట్రాక్టరు శబ్దం వినిపించింది. మేం తిరిగి వెళ్లేసరికి కృపావరం గారు చర్చి గోడ పక్కన ట్రాక్టరు ఆపి, ట్రక్కు వెనక తలుపు కొక్కేలు తీస్తున్నారు. నిండా మట్టి. వేసవిలో గట్టు మీద కుప్పపోసి దాచిన మట్టట. "వానకి అక్కడక్కడా కుంగింది చూడమ్మా, నీళ్లు నిలుస్తన్నాయి" అన్నారు నాతో. "ఇంకో నాలుగు వేళ్లు లేపేత్తే వచ్చే ఏటికి ఇక చూసుకోనక్కర్లేదు. కంపెనీ నుంచి వచ్చాక సాయంత్రాలు వేసుకుంటది."

వచ్చే ఏడు లేదండీ అని ఎవరూ అనలేదు. ఆయన పార తీసుకుని ఒక్క క్షణం ఆగి, పొడి చోటున పడి ఉన్న బంతిని కాలితో రూబీ వైపు నెట్టారు. "మట్టి పోసేలోపు ఒక్కటి వెయ్యమ్మా. నీ స్నేహితురాలు చూస్తది."

"వద్దులే నాన్నా."

"ఒక్కటి."

రూబీ చెప్పులు విడిచి, చెరిగిపోయిన గీత దగ్గర నిలబడింది. బంతిని రెండుసార్లు నేలకి కొట్టింది. వదిలింది. బంతి ఎక్కడా తగలకుండా నెట్‌లోంచి జారి కింద పడింది. సెలక్షన్లలో చూసిన షాటే అది, ఒక్క జానెడు తక్కువ.

కృపావరం గారు నాకేసి తిరిగారు. ఆయన మొహంలో గర్వం, దాని వెనకే ఎప్పటికీ అర్థం కాని బాధ. "చూశావా అమ్మా? ఇక్కడ ఒక్కటి తప్పదు. చేతిలో పనితనం ఉంది. ఆ కాస్త గుండె ధైర్యమే ఇవ్వలేదు దేవుడు నా బిడ్డకి. దానికోసమే రోజూ ప్రార్థన చేసుకుంటన్నాం."

నా నోరు ఊరుకోదని ఏలూరంతా చెప్పుకుంటారు. ఆ రోజు ఊరుకుంది.

"అవును నాన్నా" అంది రూబీ. వెళ్లి ట్రక్కు మీదున్న రెండో పార తీసుకుంది. మొదటి పార మట్టి తెచ్చి స్తంభం మొదట్లో పోసి, దాని మీద నిలబడి తొక్కడం మొదలుపెట్టింది.